గ్రహణం పూట బడి తలుపు మూయకండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యాశాఖ మంత్రులకు,

2027 ఆగస్టు 2 సోమవారం. క్యాలెండరులో ఆ రోజుకు ఎర్రరంగు ఉండదు. మామూలు బడి రోజు. కానీ ఆ సాయంత్రం, పొద్దు పడమటికి వాలే వేళ, సూర్యుడి అంచున చంద్రుడు ఒక ముక్క కొరుకుతాడు. స్పెయిన్ దక్షిణపు కొసలోనూ, మొరాకో నుంచి ఈజిప్టు దాకానూ, సౌదీ, యెమెన్ మీదుగానూ అది సంపూర్ణ సూర్యగ్రహణం. ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా పట్టపగలు చీకటి పడుతుంది. తెలుగు రాష్ట్రాలకు దక్కేది పాక్షిక గ్రహణమే.

ఆ కొరుకుడు ముక్కను బడిపిల్లలకు చూపించమని అడగడానికే ఈ లేఖ. అడుగుతున్నది ఒక గంట, ఒక సర్క్యులర్.

గ్రహణం రోజున తెలుగునాట ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. 2022 అక్టోబరు 25నే తీసుకుంటే సరిపోతుంది. దీపావళి మర్నాడు, సూర్యాస్తమయం ముందు పాక్షిక గ్రహణం. తిరుమల ఆలయాన్ని పొద్దున మూసి రాత్రికి గానీ తెరవలేదు. శ్రీకాళహస్తి మాత్రం ఎప్పటిలాగే తెరిచే ఉంది, రాహుకేతు పూజల రద్దీతో. ఇళ్లలో ఆవకాయ జాడీల మీదా పెరుగు గిన్నెల మీదా దర్భలు పడ్డాయి. పట్టుస్నానం, విడుపుస్నానం సరేసరి. కడుపుతో ఉన్న కోడలు కదలకుండా పడుకుంది. ఏదో ఒక ఊళ్లో పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టారు, అది నిలబడింది, చుట్టూ జనం, టీవీ కెమెరాలు. రోకలి అడుగున ఇనప పొన్ను ఉంటుంది, అది చదునుగా ఉంటుంది, ఓపిగ్గా నిలబెడితే అమావాస్యకూ నిలబడుతుంది, ఏకాదశికీ నిలబడుతుంది. మామూలు రోజున నిలబెట్టి చూసే తీరిక ఎవరికీ ఉండదు, అంతే తేడా.

గుడి మూయాలా తెరవాలా అన్నది ఆగమాలు తెలిసినవాళ్లు చూసుకుంటారు. ఇంట్లో దర్భ వేసుకోవాలా అన్నది ఆ ఇంటి అమ్మమ్మ ఇష్టం. ఈ లేఖకు వాటితో పేచీ లేదు. బడి మాత్రం మీ చేతిలో ఉంది. గ్రహణం పూట పిల్లల్ని హడావిడిగా ఇంటికి పంపేసే అలవాటు బడికి ఎందుకు పట్టాలి? అదీ ఈ నేల మీద? సూర్యుడి గురించి లోకానికి ఒక కొత్త సంగతి తెలియడంలో వాటా ఉన్న నేల ఇది, గ్రహణం పుణ్యాన తెలిసిన సంగతి.

1868 ఆగస్టు 18. అదీ ఆగస్టే. సంపూర్ణ గ్రహణపు నీడ దక్కను మీదుగా కృష్ణా తీరం వెంట నడిచి బంగాళాఖాతంలోకి దిగింది. ఆ నీడ కోసం ఫ్రాన్సు నుంచి జూల్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. సముద్రానికి మరీ దగ్గరైతే పొగమంచు, కొండలకు దగ్గరైతే మబ్బు, అందుకని రెంటికీ నడుమ ఉన్న గుంటూరును ఎంచుకున్నాడు. ఊళ్లో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో దిగి, టెలిస్కోపుకు స్పెక్ట్రోస్కోపు తగిలించుకుని కూర్చున్నాడు. ఎండను ఏడు రంగులుగా విడగొట్టి, ఆ రంగుల్లో కనిపించే గీతలను బట్టి వెలుగు పుట్టినచోట ఏ మూలకాలున్నాయో చెప్పే పరికరం అది. అప్పటికి కొత్తది. అదే ఊళ్లో మేజర్ టెనాంట్ నాయకత్వాన బ్రిటిష్ బృందం కూడా మకాం వేసింది. ముందు రోజుల్లో వానలు పడి అందరికీ గుండెలు జారినా, ఆ పూట ఆకాశం దయతలిచింది.

చంద్రుడు సూర్యుణ్ని పూర్తిగా మూశాక అంచుల వెంట ఎర్రటి జ్వాలలు పైకి లేచి కనిపిస్తాయి. అవి ఏమిటన్నదానిపై అప్పటిదాకా వాదులాటే. కొందరు చంద్రుడివన్నారు, కొందరు కంటి భ్రమన్నారు. స్పెక్ట్రోస్కోపులో చూస్తే విడివిడిగా మెరిసే గీతలు. అంటే అవి కాగి మెరిసే వాయువు, అందులో ప్రధానం హైడ్రోజన్. జాన్సెన్ అక్కడితో ఆగలేదు. గీతలు ఇంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకుండానే ఎందుకు కనిపించకూడదు అనుకున్నాడు. ఆ రోజు తరవాత మబ్బు పట్టడంతో మర్నాడు పొద్దున్నే ప్రయత్నించాడు. కనిపించాయి! గుంటూరులో ఒక మామూలు ఆగస్టు ఉదయం, గ్రహణం లేని సూర్యుడి అంచున జ్వాలలను మనిషి మొదటిసారి చూశాడు. ఆ తరవాత రెండు వారాలకు పైగా జాన్సెన్ అక్కడే ఉండి రోజూ చూస్తూ పోయాడు.

అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే శాస్త్రవేత్త కూడా సొంతంగా అదే పద్ధతి పట్టాడు. ఇద్దరి కబురూ ప్యారిస్‌లోని సైన్స్ అకాడమీకి ఒకే రోజున చేరింది. ఎవరు ముందన్న తగువు పెరగకుండా ఫ్రెంచి ప్రభుత్వం తరవాత ఇద్దరి తలలూ పక్కపక్కనే పెట్టి ఒక పతకం పోయించింది.

ఆ గీతల్లో పసుపుపచ్చది ఒకటి ఉంది. ఉప్పు మంటలో వేస్తే వచ్చే సోడియం పసుపుకు దగ్గరదే గానీ, అదే కాదు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ ఆ గ్రహణాన్ని మచిలీపట్నంలో చూశాడు. ఆ గీత సోడియం చోటునో, దానికి దగ్గరలోనో ఉందని నమోదు చేశాడు. ఆ ‘దగ్గరలోనో’ అన్న మాటలోనే గమ్మత్తంతా ఉంది. భూమ్మీద ఏ మూలకానికీ పొసగని ఆ గీతకు సూర్యుడి గ్రీకు పేరు మీదుగా హీలియం అని పేరు పెట్టారు. 1895లో రసాయన శాస్త్రవేత్త విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజంలోంచి దాన్ని పట్టేదాకా అది భూమ్మీద ఉందని ఎవరికీ తెలియదు. ఆకాశంలో ముందు దొరికి, నేల మీద తరవాత దొరికిన మూలకం అది.

‘గుంటూరులో హీలియం కనిపెట్టారు’ అని చెప్పుకోవడం కొంచెం అతే. ఆ రోజు ఆ గీతను చూసినవాళ్లు చాలామంది, దాని అర్థం తేల్చింది మరికొందరు. అయినా గుంటూరు, మచిలీపట్నం పేర్లు లేకుండా ఆ కథ సాగదు. మిరపకాయకు ఇచ్చినంత గౌరవం ఇవ్వకపోయినా, గుంటూరు పిల్లలకు ఈ కథ కనీసం చెవిన పడాలి కదా.

వచ్చినవాళ్లంతా దొరలే అనుకుంటే పొరపాటు. అదే గ్రహణానికి మద్రాసు అబ్జర్వేటరీ ఇంకో బృందాన్ని నిజాం రాజ్యంలోని వనపర్తికి పంపింది. దాని నాయకుడు చింతామణి రఘునాథాచారి. పంచాంగాలు గుణించే కుటుంబంలో పుట్టినవాడు. అంతకు ముందు ఏడాదే, 1867లో, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే ఆర్ రెటిక్యులై అనే నక్షత్రాన్ని కనిపెట్టినవాడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోయే ముహూర్తం దగ్గరపడినప్పుడు ఆయన ఏం చేశాడో గమనించండి. అసలు అక్కడ జరగబోయేది ఏమిటో, ఎలా చూడాలో వివరిస్తూ చిన్న పుస్తకం రాసి దేశభాషల్లో వేయించాడు. దాన్ని సర్క్యులర్ అనలేదేమో గానీ, ఈ లేఖ అడుగుతున్నది సరిగ్గా అదే. ముందుగా చెప్పండి, వాళ్ల భాషలో చెప్పండి.

విశాఖపట్నంలో డాబాగార్డెన్స్ తెలియని మనిషి ఉండడు. అక్కడ 1840లో గోడె వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టుకున్నాడు. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ప్రభుత్వ ఉద్యోగం వదిలేసి ఆ టెలిస్కోపుల దగ్గరే బతుకు గడిపాడు. 1868 గ్రహణాన్నీ, 1874 శుక్రుడి దాటునూ రాతకెక్కించి లండను పత్రికలకు పంపాడు. మామగారి ఆస్తి మీద అల్లుళ్లకు ఉండే మక్కువ తెలుగునాట కొత్తది కాదు. ఈ అల్లుడికి మాత్రం టెలిస్కోపు మీద మక్కువ.

ఇక పంచాంగం. గ్రహణం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు పడుతుందో, ఎప్పుడు విడుస్తుందో సిద్ధాంతి ఏడాది ముందే అచ్చువేయిస్తాడు. చంద్రుడి నీడ లెక్క తెలియకపోతే అది సాధ్యమా? ఆర్యభటుడు 499లోనే గ్రహణం నీడల వల్లనే అని చెప్పాడు. అంటే సంప్రదాయంలోనే లెక్క ఉంది. తెలుగువాళ్లు లెక్కను సిద్ధాంతికి అప్పగించి, భయాన్ని తమ దగ్గర ఉంచుకున్నారు.

హీలియం దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే అది గుంటూరు నుంచి నేరుగా శ్రీహరికోట చేరుకుంటుంది. రాకెట్టులో ద్రవ ఇంధనం ఇంజనులోకి ఆగకుండా దిగాలంటే ట్యాంకులో ఒత్తిడి నిలవాలి. దేనితోనూ కలవని, మండని, తేలికైన వాయువు కావాలి. అదే హీలియం. అది కారిపోతే ఏమవుతుందో 2024లో లోకమంతా చూసింది. వ్యోమగాములు సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ ఎనిమిది రోజుల పనికని జూన్ 5న స్టార్‌లైనర్ నౌకలో అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు. హీలియం లీకులు, థ్రస్టర్ల మొరాయింపు కలిసి వాళ్ల తిరుగు ప్రయాణాన్ని 2025 మార్చి 18 దాకా లాగాయి. సునీత క్షేమంగా దిగాలని తెలుగు ఇళ్లలోనూ దండాలు పెట్టుకున్నారు. ఆ తొమ్మిది నెలలూ వార్తల్లో నలిగిన ఆ వాయువు తొలి జాడ దొరికినచోట తమ జిల్లా పేరు కూడా ఉందని ఎంతమంది గుంటూరు పిల్లలకు తెలిసి ఉంటుంది?

రాకెట్టు మీద తెలుగువాళ్లకు మోజు లేదనడానికి వీల్లేదు. ప్రయోగం రోజున సూళ్లూరుపేట డాబాల మీద నిలబడి చూడాలి. ముందు చెట్ల పైన నారింజరంగు వెలుగు లేస్తుంది. చప్పుడు ఉండదు. జనం నోళ్లు తెరుచుకుని ఉంటారు. అప్పుడు, కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున ఆలస్యంగా, ఆ ఉరుము వస్తుంది. చెవికి తగిలేలోపే గుండెకు తగులుతుంది. శ్రీహరికోటలో ప్రజల కోసం గ్యాలరీ తెరిచాక దూరాభారాల నుంచి కుటుంబాలతో, పులిహోర పొట్లాలతో వస్తున్నారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 దిగుతుంటే మీ రెండు రాష్ట్రాల బళ్లలోనూ పిల్లల్ని తెరల ముందు కూర్చోబెట్టారు. ఆ పది నిమిషాలు ఏ పిల్లాడూ గుర్తుపెట్టుకోకుండా ఉండడు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. 2024 డిసెంబరు 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ59 మోసుకెళ్లింది ఏమిటో చూడండి. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ వారి ప్రోబా-3. అవి జంట ఉపగ్రహాలు. ఒకదానికి 1.4 మీటర్ల గుండ్రటి పళ్లెం ఉంటుంది, అది సూర్యుడికి అడ్డంగా నిలబడుతుంది. రెండోది సరిగ్గా 150 మీటర్ల వెనక, ఆ పళ్లెం నీడలో నిలబడి ఫొటోలు తీస్తుంది. ఆ నీడ వెడల్పు అరచేయంత. రెండూ గంటకు వేల కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ తిరుగుతూ, మిల్లీమీటరు తేడా రాకుండా వరసలో నిలవాలి. ఇదంతా ఎందుకంటే, కావాలనుకున్నప్పుడు గ్రహణం చేసుకోవడానికి! సహజంగా వచ్చే సంపూర్ణ గ్రహణం నిమిషాల్లో అయిపోతుంది. ఇది దాదాపు ఇరవై గంటల ఒక్కో చుట్టులో ఆరు గంటల దాకా గ్రహణం పట్టించగలదు. 2025 జూన్‌లో తొలి చిత్రాలు బయటికి వచ్చాయి.

గ్రహణానికి తలుపులేసుకునే నేల మీంచి గ్రహణాలు తయారుచేసే యంత్రం ఎగిరింది. శాస్త్రప్రకారం పోతే, దాని లెక్కన పట్టుస్నానాలకు కృష్ణా గోదావరి రెండూ చాలవు.

ఇంత అవస్థ దేనికి? సూర్యుడి పైపొర వేడి సుమారు 5,500 డిగ్రీలు. దాని చుట్టూ కిరీటంలా పరుచుకున్న పలచటి కరోనా మాత్రం పది లక్షల డిగ్రీలు దాటుతుంది. పొయ్యి కన్నా పొయ్యి చుట్టూ గాలి ఎక్కువ కాలడం లాంటిది. ఎందుకో ఇంకా పూర్తిగా తేలలేదు. సౌర తుఫానులు లేచేదీ అక్కడినుంచే. 2024 మేలో అలాంటిదొకటి వచ్చినప్పుడు లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం కూడా ఎర్రబారింది. అందుకే నాసా పార్కర్ నౌక 2024 డిసెంబరు 24న సూర్యుడికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరిదాకా దూసుకెళ్లి వచ్చింది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1 పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన కూర్చుని రెప్పవేయకుండా చూస్తోంది. అది ఉన్నచోట చంద్రుడు అడ్డు రాడు.

ఇవన్నీ పిల్లలకు ఫోనులో దొరుకుతాయి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు పంపిన నెబ్యులా బొమ్మ ఎవరి వాల్‌పేపరులోనైనా ఉంటుంది. 2025 జూన్‌లో చిలీ నుంచి వచ్చిన వేరా రూబిన్ టెలిస్కోపు తొలి చిత్రాలు, జూలైలో దొరికిన 3ఐ/అట్లాస్ అనే పరాయి నక్షత్రాల తోకచుక్క, అన్నీ గంటల్లో చేతికందాయి. కానీ తెర మీద చూసింది వార్త. తన చేతి అద్దంలోంచి గోడ మీద పడ్డ సూర్యుడు అనుభవం. రెండూ ఒకటి కావు. చంద్రయాన్‌కు కేరింతలు కొట్టిన పిల్లే గ్రహణానికి మంచం కింద దూరితే, ఆ కేరింత ఎవరి కోసం కొట్టినట్టు?

1980 ఫిబ్రవరి 16న కూడా ఇలాగే జరిగింది. హైదరాబాదుకు యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరాన, ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సంపూర్ణ గ్రహణపు దారిలో పడింది. 48 అంగుళాల టెలిస్కోపు అక్కడ ఉంది. దేశవిదేశాల శాస్త్రవేత్తలు పెట్టెలతో దిగారు. రెండు నిమిషాల చీకటి కోసం నెలల తరబడి కసరత్తు చేశారు. ఊళ్లలో, పట్నాల్లో జనం మాత్రం తలుపులు బిడాయించుకున్నారు. శనివారం మధ్యాహ్నం రోడ్లు కర్ఫ్యూ పెట్టినట్టు ఉన్నాయి. వేల మైళ్ల నుంచి వచ్చినవాడు చూసి వెళ్లాడు, నడినెత్తిన పడ్డవాడు దుప్పటి కప్పుకున్నాడు. ఇకమీదట ఈ దేశపు నేల మీద సంపూర్ణ గ్రహణం 2034 మార్చి 20నే, అదీ కశ్మీరు, లద్దాఖ్ కొసన. తెలుగు పిల్లలకు అంతకన్నా ముందు అందేది ఆ సోమవారపు పాక్షికం.

ఇక చేయాల్సింది. ఖర్చు గురించి మీ అధికారులు కంగారు పడనక్కర్లేదు.

ఒక చేతి అద్దం తీసుకుని దాని మీద నల్ల కాగితం అంటించాలి. కాగితం మధ్యలో శనగబద్దంత చిల్లు. అద్దాన్ని ఆవరణలో ఎండ తగిలేచోట ఇటుకల మధ్య నిలబెట్టి, వెలుతురును కిటికీలు మూసిన తరగతి గదిలోకి తిప్పాలి. పది మీటర్ల దూరంలో గోడ మీద చిన్న పూరీ అంత సూర్యుడు పడతాడు. చిల్లు చతురస్రంగా కత్తిరించినా గోడ మీద పడేది గుండ్రటి సూర్యుడే. ఎందుకని ఎవరైనా అడిగితే ఆ పూటకు భౌతికశాస్త్రం పాఠం అయిపోయినట్టే. గ్రహణం మొదలయ్యాక పూరీకి ఒక పక్క కొరికినట్టు నల్లగా ఒత్తుకొస్తుంది. ఇంకొకటి కూడా జరుగుతుంది. ఆ పూరీ గోడ మీద నిలవదు. మెల్లగా పక్కకు జరుగుతూ, రెండు నిమిషాల్లో తన వెడల్పంత మేర జరిగిపోతుంది. అద్దం దగ్గరున్న పిల్ల దాన్ని మళ్లీ మళ్లీ సర్దుతూ ఉండాలి. భూమి తిరుగుతోందని మూడో తరగతి నుంచి పరీక్షల్లో రాస్తున్న పిల్లకు, అది తిరగడం చేతికి తెలిసే మొదటి సందర్భం బహుశా అదే అవుతుంది.

భద్రత సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ భయం నిజమైనది. పాక్షిక గ్రహణంలో ఒక్క క్షణం కూడా వట్టి కంటితో సూర్యుణ్ని చూడకూడదు. ఎక్స్‌రే ఫిల్ము, నల్ల కళ్లద్దాలు, మసిపట్టిన గాజు, పళ్లెంలో పసుపునీళ్లు, పేడనీళ్లు, ఇవేవీ పనికిరావు. ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణ కళ్లద్దాలో, 14వ నంబరు వెల్డింగు గాజో కావాలి. అవి లేని బడిలో అద్దం, గోడ చాలు. అద్దంలోంచి వచ్చే వెలుతురు వైపు మాత్రం ఎవరూ కళ్లు పెట్టి చూడకూడదు, చూడాల్సింది గోడ వైపు. కంటికి హాని గ్రహణపు కిరణాల వల్ల కాదు, ఏ రోజైనా ఉండే సూర్యకాంతి వల్లనే. ఈ ఒక్క ముక్క ప్రతి తల్లికీ చేరితే సగం భయం విడుస్తుంది, విడుపుస్నానానికి ముందే.

పిల్లల్ని పంపనన్న ఇల్లు ఉంటే బలవంతం వద్దు. బడి మైదానంలో కేరింతలు గోడ దాటి వినిపిస్తే, వాళ్లే ఎవరో ఒక అన్ననో అక్కనో వెంటబెట్టుకుని వస్తారు.

ఒక చిక్కు ఉంది, దాచడం దేనికి. ఆగస్టు అంటే వానాకాలం. ఆ సాయంత్రం మబ్బు పట్టొచ్చు. జాన్సెన్‌కే జరిగింది. 1870 డిసెంబరులో ప్యారిస్ ప్రష్యా సేనల ముట్టడిలో ఉంటే, గ్రహణం తప్పిపోకూడదని ఆయన పరికరాలతో సహా బెలూన్ ఎక్కి తుపాకుల మీదుగా తప్పించుకుని అల్జీరియాలోని ఓరాన్ చేరాడు. తీరా ఆ రోజు అక్కడ మబ్బు. గుంటూరులో కనిపించింది ఓరాన్‌లో కనిపించలేదు. పెట్టె సర్దుకుని తరవాతి గ్రహణానికి మళ్లీ ఇండియా వచ్చాడు.

మబ్బు పడితే తరగతి గదిలో తెర ఉన్న బళ్లు ఆదిత్య తీసిన సూర్యుణ్ని, ప్రోబా-3 తీసిన కరోనాను చూపించవచ్చు. తెర లేనిచోట గుంటూరు కథ చెప్పవచ్చు, దానికి కరెంటు కూడా అక్కర్లేదు. సర్క్యులర్ జూన్‌లో బళ్లు తెరిచిన వారంలోనే వెళ్తే మేలు. అప్పటికి ఏడు వారాలు ఉంటాయి. అద్దాలు పిల్లలే తెచ్చుకుంటారు. టీచర్లు ఏదో ఒక ఎండ రోజున ఆవరణలో ఒకసారి ప్రయత్నించి, పడమటి ఎండ ఏ గదిలోకి తిరుగుతుందో చూసి పెట్టుకోవాలి. ఆ గదికి ఎదురుగా చెట్టు ఉంటే వేరే గది చూసుకోవాలి.

ఇట్లు,
ఈ పత్రిక పాఠకుల్లో ఒకరు